తార్నాక మంచు సారు

తార్నాకలో మంచు కురవదు. ఇందుకు భూగోళశాస్త్రం బోలెడు కారణాలు చూపిస్తుంది, అన్నీ సబబైనవే. అయినా అరవైలలో లాలాపేట రోడ్డు పక్కనున్న మా సందులో ఎవర్ని ఆపి అడిగినా, మంచు పడ్డ మర్నాడు ఇంటివాళ్లు మొట్టమొదట చెయ్యాల్సిన పనేమిటో తడుముకోకుండా చెప్పేవాళ్లు. పాలు పోసే కొమురెల్లి అయితే గిన్నెలో పాలు ఒంపుతూనే చెప్పేవాడు: "పార పట్టుకొని మిద్దెక్కాలె. మంచంత కిందికి నూకాలె. లేకుంటె దూలం ఇరుగుతది." ఐసుఫ్రూటు బండి దగ్గర తప్ప మంచుగడ్డ మొహం చూడని జనానికి ఇంతటి విద్య అబ్బిందంటే, ఆ పుణ్యం శేషాద్రి గారిది.

శేషాద్రి గారు యూనివర్సిటీలో భూగోళం లెక్చరరు. పొట్టి మనిషి, పెద్ద గొడుగు. సొంతూరు అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఆ ఊరికి ఏరుంది. ఏటికి ఇసుక ఉంది. నీళ్ల సంగతి మాత్రం పెద్దలు చెప్పగా వినడమే. అలాంటి చోట పుట్టిన మనిషి ఎమ్మే చదువుతుండగా ఒకనాడు లాహౌల్ లోయ గురించి చదివారు. హిమాలయాల్లో ఒకే కనుమకు చెరోపక్క పుట్టిన చంద్ర, భాగ అనే రెండు ఏర్లు అలిగిన తోడికోడళ్లలా చెరొక దారి పట్టి, కొండలన్నీ చుట్టబెట్టి, చివరికి తాండి అనే చోట రాజీపడి కలిసిపోతాయని, ఏడాది పొడుగునా పారతాయని చదివారు. ఏడాది పొడుగునా! ఆ మాట దగ్గర ఆయన మనసు కాలు జారి పడింది. మళ్లీ లేవలేదు.

పాఠం చెప్పేటప్పుడు ఆయన ఎత్తులు, జనాభాలు ఏకరువు పెట్టేవారు కారు. "రండి" అనేవారు. క్లాసంతా చెప్పులు వెతుక్కున్నంత పనయ్యేది.

"రోహ్‌తాంగ్ కనుమ దాటాం. చూశారా, చెట్లు అయిపోయాయి. వానమేఘం పాపం మనతో పాటు ఇక్కడిదాకా వచ్చింది, కొండ ఎక్కలేక ఆగిపోయింది. ఇక అవతలంతా మా అనంతపురమే. అదిగో, బాగా లోతున నది. ఎంత నీళ్లుంటే ఏం లాభం, పొలానికి ఎక్కవు. అందుకని పైన మంచు కరిగే చోటి నుంచి కొండ అంచు వెంబడే కాలవ తవ్వి తెచ్చుకున్నారు. కాలవ పారినంత మేర ఊరు. ఊరంటే ఎంతనుకున్నారు? ఐదో ఆరో ఇళ్లు, చలికి ముడుచుకున్నట్టు ఒకదాన్నొకటి ఆనుకొని. ఆ చివరింట్లో పెళ్లయితే ఈ చివరింటి వాళ్లు కప్పుల మీదనే నడిచి పోవచ్చు. కాస్త వంగండి, గుమ్మం పొట్టిది."

వెనక బెంచీలో కూర్చున్న ఆరడుగుల రాజన్న నిజంగానే తల వంచాడని ఆర్ట్స్ కాలేజీలో చాలాకాలం చెప్పుకున్నారు.

ఇంత చెప్పిన మనిషి లాహౌల్ చూడలేదు. ఉత్తరాన నాగపూర్ దాటి అడుగు పెట్టలేదు. ఈ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు: ఆయనకూ, ఆయన భార్య జయమ్మ గారికీ.

మరి చూశారన్న పేరు ఎలా వచ్చిందంటే, జలుబు వల్ల వచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలం ఆయన కోతిటోపీ, మఫ్లరు, మామగారి కోటు తగిలించుకొని క్లాసుకు వెళ్లి లాహౌల్ మొదలుపెట్టారు. "సార్, గాడ గింత చలి ఉంటదా?" అన్నాడొక కుర్రాడు. "ఇంతేనా! గడ్డం మీద ఊపిరి గడ్డకట్టదూ!" అన్నారు శేషాద్రి గారు. క్లాసు ఆయన కోతిటోపీని చూసింది, కోటును చూసింది, ఒక నిశ్చయానికి వచ్చింది. సాయంత్రానికి ఆ నిశ్చయం తార్నాక చేరింది. ఆయన అబద్ధం ఆడలేదు. నిజం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా తుమ్మారు, అంతే. ఆ తర్వాత జలుబు తగ్గింది గాని పేరు తగ్గలేదు. ఇంటి ఓనరు వెంకటనర్సయ్య, రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఆయన్ని నలుగురికీ "మా మంచు సారు" అని పరిచయం చేసేవాడు. అద్దె పెంచడానికి మొహమాటపడేవాడు కూడా.

ఈ కీర్తి ఎంత ప్రమాదకరమైందో తెలిసిరావడానికి కొన్నేళ్లు పట్టింది. డిపార్ట్‌మెంట్ హెడ్డు సూర్యనారాయణ గారు ఒకనాడు శేషాద్రి గారిని పిలిచి, చెవులదాకా నవ్వుతూ, "మీ పాఠాల మహిమేనండీ! ఈ ఎండాకాలం మన పిల్లల్ని లాహౌల్ పంపడానికి పర్మిషన్ వచ్చింది" అన్నారు.

 శేషాద్రి గారి చేతిలోంచి గొడుగు జారింది.

"పిల్లలతో చెన్నకేశవులు వెళ్తాడు."

చెన్నకేశవులు జూనియర్ లెక్చరరు. అంబర్‌పేట నుంచి వచ్చేవాడు. హైదరాబాదు నవంబరుకే రెండు స్వెట్టర్లు వేసేవాడు.

"చెన్నకేశవులా అండీ?"

"మీరు చూసిందే కదా! మళ్లీ మీకెందుకు శ్రమ? పాపం కుర్రాడు, వాడూ చూసొస్తాడు. అయితే వెళ్లేముందు పిల్లలకు లోయ స్వరూపం తెలియాలి గదా, దాని నమూనా ఒకటి మీరే చేసిపెట్టాలి. చూసినవారు మీరొక్కరేనాయె."

ఆ సాయంత్రం శేషాద్రి గారు అన్నం ముందు కూర్చొని పప్పులో చంద్రానదిని గీస్తూ ఉండిపోయారు.

"ఏమయింది?" అన్నారు జయమ్మ గారు. విన్నారు. నెత్తి కొట్టుకోబోయి, చేతికి పిండి ఉందని మానుకున్నారు. "'నేను చూల్లేదు, నన్ను పంపండి' అని ఒక్క మాట చెప్పల్ల. చెబితే ఏం మునిగిపోతుందంట?"

"పేరు మునిగిపోతుంది. చూశానని అందరూ అంటుంటే ఇన్నేళ్లూ విని ఊరుకున్నానని తెలిస్తే పిల్లలు మొహం మీద నవ్వరూ?"

"నవ్వనీండి. మీరు కనుమ ఎక్కి నిలబడినాక వాళ్ల నవ్వు ఆడిదాకా ఇనపడుతుందా?"

వాదం ధర్మబద్ధంగానే ఉంది. కాని పేరున్నవాడికి ధర్మం ఎక్కదు. చూడలేదని చెబితే లోయ దక్కుతుంది, పేరు పోతుంది. చెప్పకపోతే పేరు దక్కుతుంది, లోయను చెన్నకేశవులు రెండు స్వెట్టర్ల లోంచి చూసి వస్తాడు. ఈ రెంటి మధ్యా ఊగుతూనే శేషాద్రి గారు నమూనా మొదలుపెట్టారు.

మిద్దె మీద పెద్ద చెక్కపలక వేశారు. కొండలకు పదార్థం జయమ్మ గారు సరఫరా చేశారు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులు చేర్చి రుబ్బి, ఆ ముద్దను బిందె మీద అద్ది ఎండబెట్టి బుట్టలు చేయడం ఆవిడకు పుట్టింటి విద్య. బిందె మీద అద్దే చెయ్యి కొండ మీద అద్దలేదా? కాగితాలకు కొరత లేదు: కొన్నేళ్ల క్లాసు పరీక్షల కట్టలు అటక మీద ఉన్నాయి. ఆ విధంగా పిల్లలు హిమాలయాల గురించి రాసిందంతా ఎట్టకేలకు హిమాలయాలయింది.

రుబ్బడానికి వెంకటనర్సయ్య భార్య భారతమ్మ కూడా వచ్చి కూర్చునేది. రుబ్బినావిడకు లోయ మీద కొన్ని హక్కులు సంక్రమిస్తాయి గదా. ఒకనాడు శేషాద్రి గారు కాలేజీ నుంచి వచ్చేసరికి, ఊరి పొలిమేరలో ఒక చిన్న గుడి, పక్కన వేపచెట్టు వెలిశాయి. గుడికి పసుపు, చెట్టుకు ఆకుపచ్చ రంగు.

"ఇదేమిటి భారతమ్మా?"

"పోచమ్మ."

"లాహౌల్‌లో పోచమ్మ ఉండదమ్మా."

"ఊరన్నంక పోచమ్మ లేకుంటె ఎట్ల సారూ? గంత మంచుల, గా ఐదిండ్లోల్లను మరి ఎవలు కాస్తున్నరు?"

శేషాద్రి గారు బేరానికి దిగారు. "కనీసం వేపచెట్టు తీసెయ్యమ్మా. అంత ఎత్తున వేప బతకదు."

"గాడ ఏది బతుకుతదో గదే పెట్టుండ్రి. తల్లిని మాత్రం ముట్టుకోకుండ్రి."

వేప స్థానంలో ఒక పొట్టి చెట్టు వచ్చింది. పోచమ్మ ఉండిపోయింది. కాలవలు, పొలాల మెట్లు, తాండి దగ్గర చంద్రాభాగల కూడలి అన్నీ తయారయ్యాయి. ఇళ్లు మాత్రం శేషాద్రి గారు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఒక్కొక్క ఇంటికీ పుల్లల దూలాలు పెట్టి, వాటి మీద మట్టి పరిచి, తడిపి, వేలితో దిమ్మిస కొట్టినట్టు కొట్టి, కప్పు మధ్యలో వెలుతురు కోసం చిన్న గవాక్షి వదిలి, దాని పక్కన మూతరాయి కూడా ఉంచారు.

అప్పుడే హెడ్డు గారు పిడుగు వేశారు. తార్నాక దగ్గర్లో ఇంగ్లీషు బోధన నేర్పే ఒక సంస్థకు అన్ని రాష్ట్రాల బడిపంతుళ్లూ వచ్చేవారు. అక్కడ ఆయనకు అంగ్‌రూప్ అనే మాస్టారు తటస్థపడ్డాడు. ఏ ఊరంటే లాహౌల్ అన్నాడు. "ఆదివారం మీ ఇంటికి తీసుకొస్తున్నానండీ! నమూనా చూస్తాడు. మీరూ మీరూ ఒక ఊరివాళ్లు, ఎన్ని మాట్లాడుకుంటారో!" అన్నారు సూర్యనారాయణ గారు.

శేషాద్రి గారు తుమ్మారు. ఈసారి తుమ్ము పనిచెయ్యలేదు.

ఆదివారం రానే వచ్చింది. దానికంటే ముందు మేక వచ్చింది. ఇది మామూలు మేక కాదు. వెంకటనర్సయ్యకు కంటి ఆపరేషన్ బాగా జరిగితే బోనాలకు ఇస్తానని భారతమ్మ పోచమ్మకు మొక్కి వదిలిన మేక. మొక్కిన మేకను కర్ర చూపి అదిలించకూడదు. ఆ సంగతి మనుషులకంటే మేకకే బాగా తెలుసు. అది పొద్దున్నే తాపీగా మెట్లెక్కి, లోయను అటూ ఇటూ పరిశీలించి, మెంతుల కమ్మదనం బాగా పట్టిన రోహ్‌తాంగ్ కనుమను ఎంచుకొని, మొదలంటా తినేసింది.

జయమ్మ గారు కేక వేశారు. శేషాద్రి గారు పరుగెత్తుకొచ్చి, కనుమ ఉండాల్సిన చోట ఆకాశం చూసి చతికిలబడ్డారు. మళ్లీ అద్దే వ్యవధి లేదు. కింద హెడ్డు గారి గొంతు వినిపిస్తోంది.

అంగ్‌రూప్ మాస్టారు గుండ్రటి మొహం, ఎర్రటి బుగ్గలు, నవ్వితే కనిపించని కళ్లు గల మనిషి. శీతాకాలం కనుమ మూసుకునేలోపే కొండ దిగి వచ్చాడు. అది తెరుచుకున్నాక గాని ఇంటికి పోలేడు. ఇంటి కబురు విని నెలలయింది. భారతమ్మ తన హైదరాబాదు ఉర్దూలో "ఆవో భయ్యా, బైఠో" అని పీట వేసింది. అతని కొండ హిందీ, ఆవిడ ఉర్దూ తాండి దగ్గర ఏర్లలా ఎక్కడో కలుసుకున్నాయి. ఇద్దరికీ ఇబ్బంది లేకపోయింది.

అతను పీట మీద కూర్చోలేదు. నమూనా ముందు గొంతుక్కూర్చున్నాడు.  వేలు గాలిలో పెట్టి భాగ వెంట నడిపించుకుంటూ వచ్చి ఒక ఊరి దగ్గర ఆపాడు. "మా ఊరు" అన్నాడు. తర్వాత దక్షిణానికి చూసి తెల్లబోయాడు.

"మాస్టర్‌జీ, రోహ్‌తాంగ్ ఏదీ?"

 మూల నుంచి మేక నెమరు వేస్తున్న చప్పుడు వినిపించింది.

"మేక తినింది" అన్నారు జయమ్మ గారు.

తర్జుమా వెంకటనర్సయ్య చేశాడు. అంగ్‌రూప్ మేకను చూశాడు. కనుమను చూశాడు. అక్కడే కూలబడి, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వాడు. "ఈ మేకను నాకు ఇప్పించండి! మా తాతల కాలం నుంచి ఆ కొండ తెరుచుకోవాలని మొక్కుతున్నాం. దీన్ని తోలుకుపోయి అక్కడ వదులుతా. కాస్త తినమ్మా అంటా."

"ఇయ్యరాదు నాయనా, పోచమ్మది" అంది భారతమ్మ. అని, పొలిమేరలోని పసుపు గుడి చూపించింది. శేషాద్రి గారు కళ్లు మూసుకున్నారు.

అంగ్‌రూప్ ముందుకు వంగాడు. "మా ఊరి దేవతకు కూడా ఇక్కడే రాయి ఉంది. ఇటుపక్కే. మీకెవరు చెప్పారు?"

"గిది కూడ ఒకలు చెప్పాల్నా?" అంది భారతమ్మ. అంటూ శేషాద్రి గారి వంక చూసిన చూపుకు డాక్టరేటు ఇవ్వవచ్చు.

అప్పుడు అంగ్‌రూప్ ఇళ్ల దగ్గరికి వచ్చాడు. నవ్వు ఆపేశాడు. ఒక కప్పు మీద చిటికెన వేలు ఆనించి మట్టి గట్టిదనం చూశాడు. మూతరాయిని రెండు గోళ్లతో ఎత్తి గవాక్షి మీద పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"బొమ్మలు చూసి చేసేవాళ్లు గోడ చేస్తారు, కిటికీ చేస్తారు. మూతరాయి చెయ్యరు. మూత వెయ్యడం మరిచిపోయి ఇల్లు తడిసి అమ్మ చేత తిట్లు తిన్నవాడే ఇది చేస్తాడు. మాస్టర్‌జీ, మీరు ఏ ఊళ్లో ఉన్నారు? ఎవరింట్లో?"

సూర్యనారాయణ గారు గర్వంగా శేషాద్రి గారిని చూశారు. వెంకటనర్సయ్య గర్వంగా హెడ్డు గారిని చూశాడు. జయమ్మ గారు మాత్రం కొంగు నడుముకు దోపి, మెట్ల దగ్గర నిలబడి, పెదవులు కదలకుండా ఒక్క మాట అన్నారు. "ఇప్పుడే చెప్పల్ల."

శేషాద్రి గారు తుమ్ముదామని చూశారు. రాలేదు.

"మా ఇంట్లో" అన్నారు.

"అంటే?" అన్నాడు అంగ్‌రూప్.

"మా ఇంట్లోనే. అనంతపురం జిల్లా. మట్టిమిద్దె. వాన పడేది ఎప్పుడో ఒకసారి, ఆ ఒక్కసారి మూత వెయ్యడం మరిచిపోయేవాణ్ని. మీ లోయలో ఇళ్లు ఎలా ఉంటాయో నాకు తెలీదు మాస్టారూ. మాదే కట్టాను. పైన మంచు పోశాను. ఇన్నేళ్లూ క్లాసులో చెప్పిందీ అదే. నేను రోహ్‌తాంగ్ ఎక్కలేదు. అసలు నాగపూరే దాటలేదు." హెడ్డు గారి వైపు తిరిగి, "నాకు చూడాలని ఉందండీ" అన్నారు.

 మొదట తేరుకున్నవాడు వెంకటనర్సయ్య.

"మరి గిన్నేండ్ల సంది గా మంచంత ఏడ పడ్డది సారూ?"

"ఏడ పడితె నీకేందయ్యా?" అంది భారతమ్మ. "ఎండకాలం మెట్ల మీద కూసొని సారు మంచు ముచ్చట చెప్తుంటె మనకు సల్లగైందా, లేదా?"

"అయింది."

"మరి ఊకో."

సూర్యనారాయణ గారు ఊరుకోలేదు. కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. అది కోపానికి సూచన అని డిపార్ట్‌మెంట్‌లో ప్రతీతి. "శేషాద్రి గారూ, నేను ఆఫ్రికా చెబుతాను. కాంగో అడవుల్లో పిల్లల్ని దోమలు కుట్టేటట్టు చెబుతానని పేరు. మీకు తెలుసు గదా?"

"తెలుసండీ."

"నేను బెజవాడ దాటి ఎటు వెళ్లాను? నన్నెవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తుమ్ము కూడా అవసరం లేకపోయింది." కళ్లజోడు పెట్టుకున్నారు. "మొదటిరోజే అఘోరించొచ్చు గదండీ! ఆ చెన్నకేశవులు రోజూ నా గదికొచ్చి, సార్ నాకు దగ్గు, సార్ నాకు మోకాళ్లు అని ప్రాణం తీస్తున్నాడు. వెళ్లిరండి. కాని వెళ్లొచ్చి పాఠం పాడుచేశారంటే మాత్రం నేను ఒప్పుకోను."

అంగ్‌రూప్‌కు వెంకటనర్సయ్య అంతా వివరించి చెప్పాడు. అతను లేచి శేషాద్రి గారి చేతులు రెండూ పట్టుకున్నాడు. "మీరు మా ఊరొస్తే మా ఇంట్లోనే దిగాలి. కప్పు మట్టి వెయ్యాల్సి ఉంది. మనిషి తక్కువై ఆగాం."

ఆ ఎండాకాలం మా సందు శేషాద్రి గారిని సాగనంపిన తీరు చూస్తే దండయాత్రకు పోతున్నారనుకోవాలి. చెన్నకేశవులు తన రెండు స్వెట్టర్లూ ఆనందబాష్పాలతో సమర్పించాడు. జయమ్మ గారు కొర్రపిండి, చింతకాయ పచ్చడి కట్టారు. భారతమ్మ పసుపూ కుంకుమా పొట్లం కట్టి, "గాడి తల్లికి పెట్టుండ్రి, హైదరాబాదు భారతమ్మ పంపిందని చెప్పుండ్రి" అంది. తాను చూడలేదని శేషాద్రి గారు సందులో ప్రతివాడికీ విడివిడిగా చెప్పుకున్నారు. కొమురెల్లి మాత్రం నమ్మలేదు. "పెద్దోల్లు గట్లనే అంటరు" అని పాలు పోసి వెళ్లిపోయాడు.

పఠాన్‌కోట్ దాకా రైలు, అక్కణ్నుంచి బస్సు, ఆ పైన సామాన్ల లారీ. రోహ్‌తాంగ్ మీద లారీ ఆగినప్పుడు సారు దిగి, మబ్బులు వెనక్కి ఆగిపోయిన చోటు నుంచి ముందున్న బోడికొండలను చూస్తూ గొడుగు పట్టుకొని నిలబడిపోయారని రాజన్న వచ్చాక చెప్పాడు. చివరికి వెనక్కి తిరిగి "రండి" అన్నారట. అంగ్‌రూప్ ఇంట్లో నిజంగానే పంచె ఎగ్గట్టి కప్పెక్కారు. మట్టి పరిచి, దిమ్మిస పట్టుకొని, "ఇట్లా కాదమ్మా, ఏటవాలు ఇటు ఇయ్యల్ల" అని అంగ్‌రూప్ తల్లితో అనంతపురం యాసలో వాదించారట. ఆవిడ తన భాషలో అంతే గట్టిగా జవాబు చెప్పిందట. కప్పు కారలేదు. ఎవరి మాట నెగ్గిందో మాత్రం తేలలేదు.

తిరిగి వస్తూ ఆయన భారతమ్మకు ఆ తల్లి అల్లిన ఉన్ని మేజోళ్లు తెచ్చారు. ఆషాఢం ఉక్కపోతలో భారతమ్మ అవి తొడుక్కొని బోనం ఎత్తింది. మేక విషయంలో, అంత కొండను తినేసిన జీవాన్ని తల్లి ఎప్పుడో స్వీకరించినట్టేనని ఆవిడ తీర్పు చెప్పి, కోడితో సర్దుకోమని మొక్కు మార్చుకుంది. పోచమ్మ అభ్యంతరం చెప్పలేదు. మేక బతికినంతకాలం సందులో మరీ పొగరుగా తిరిగింది.

పాఠం మాత్రం హెడ్డు గారు భయపడినట్టే కొంచెం పాడయింది. కాలేజీ తెరిచాక శేషాద్రి గారు లాహౌల్ మొదలుపెట్టారు. మునుపటి జోరు లేదు. "అన్ని ఊళ్లూ అలా ఉండవు" అన్నారు. "నేను చూసినంతలో" అన్నారు. "గుమ్మం పొట్టిదే, కాని అంగ్‌రూప్ మాస్టారింట్లో పెద్దది" అన్నారు. గవాక్షి దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చి కాసేపు ఆగిపోయారు. కొత్తగా చేరిన కుర్రాడొకడు ఇదంతా అనుమానంగా విని, లేచి నిలబడ్డాడు.

"సార్, మీరు అస్సలు గాడికి పోయిన్రా?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన్ని ఆ మాట అడిగినవాడు లేడు.  ఆ పాఠం మళ్లీ వినడానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్న రాజన్న అడిగినవాడి చొక్కా పట్టి లాగాడు. శేషాద్రి గారి మొహం మాత్రం వెలిగిపోయింది.

"వెళ్లాను" అన్నారు. ఆ మాట బాగుందనిపించి, సుద్దముక్క కింద పెట్టి, నింపాదిగా ఇంకోసారి అన్నారు.